ఆరో పోస్టర్ అంచు

ఫిబ్రవరి 9

అక్కకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. రైల్లో పక్కాయన నా భుజాన్ని దిండు చేసుకుని నాలుగు స్టేషన్లు నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. నాన్న పోయిన ఈ రోజుల్లో ఎవరో ఒకరు ఆనుకుంటే బాగానే అనిపించింది.

అసలు సంగతి విను. మా మ్యూజియంలో ఏప్రిల్ నెలాఖరుకి ఒక ప్రదర్శన పెడుతున్నారు. గ్యాసు నింపి ఆకాశంలో నడిపిన గాలిఓడలు తిరిగిన కాలం నాటి ప్రయాణ పోస్టర్లు. ఫ్రేములు కట్టేది నేనే కనుక నిన్న పెట్టెలు విప్పాం. మూడో పెట్టెలో ఒక ఓడ ఉంది. వెండి చేపలా నున్నగా, సముద్రం మీద వెన్నెల్లో, ఒక మబ్బు పక్క నుంచి పోతోంది. సుత్తి చేతిలో అలాగే ఉండిపోయింది. అక్కా, ఆ మబ్బు నాన్నది. మబ్బుని అడుగు నుంచి పైకి గీసే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. దాని వెనకాల ఇంకో అయిదు. మంచుకొండల మీద ఒకటి, తెల్ల దుప్పట్లు పరిచిన భోజనాల గదిది ఒకటి, చివరిది గోధుమ చేను మీద. ఆరింట్లో ఒకదాని మీదా పేరు లేదు. కింద చీటీలో ‘చిత్రకారుడు: తెలియదు’ అని టైపు కొట్టి ఉంది.

జామ్ సీసాల లేబుళ్ళు గీసిన మనిషి అనే కదా ఆయన్ని సాగనంపాం. శ్మశానంలో ఒకాయన నాతో అన్నాడు, ‘మీ నాన్నగారి నిమ్మకాయ చాలా బావుండేదండీ’ అని. ‘అవునండీ’ అన్నాను.

నాన్న ట్రంకులో ఇవే ఆరు ఉండాలి. చిన్నప్పుడు ఒకసారి చెయ్యి పెట్టబోతే వీపు చిట్లింది, అందుకే బాగా గుర్తు. ఎండ తగలనివి కనుక రంగు నిలిచి ఉంటుంది. పంపు. ఆయన పేరు బొమ్మ కింద, గోడ మీద, నలుగురూ చదివేలా చూడాలని ఉంది. ఇంకేమీ అడగను.

మేడపిన్నిని అడిగానని చెప్పు. నన్ను పెంచినందుకు ఆవిడ మోకాళ్ళు పట్టేశాయని నామీద చెప్పుకు తిరుగుతోందట. నూనె పంపుతున్నాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 16

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ట్రంకు తీశాను. ఆరూ ఉన్నాయి. చెద పట్టలేదు, మడత పడలేదు. నాన్న పాత దుప్పటిలో చుట్టి పెట్టాడు.

అచ్చు సరిచూసుకోవడానికి తీసిన మొదటి కాగితాలు అవి. అందుకని అంచులు కోయకుండా ఉన్నాయి. నాలుగువేళ్ళ వెడల్పు. రంగుల మచ్చలు, రంగుకొక అచ్చురాయి కదా, రాయికి రాయి కుదిరిందో లేదో చూసే ప్లస్సు గుర్తులు, నాన్న వేలిముద్రలు. అలా పంపడం మర్యాద కాదు. అంచుతో ఉన్న కాగితం మన గడప దాటకూడదన్నది నాన్న మాట. పదో ఏట నుంచి కోసింది నేనే. లేబుళ్ళ షాపులో ఇప్పటికీ చేస్తున్నది అదే.

తీరిక దొరికిన రోజున ఒకటి చొప్పున కోస్తున్నాను. పని నుంచి వచ్చి, ప్రార్థన చేసుకున్నాక. నిన్నటికి రెండు అయ్యాయి. నాన్న స్కేలు, నాన్న కత్తి. ఆ పావుగంట నాకు ఏమీ అనిపించదు. మిగతా రోజంతా కూడా ఏమీ అనిపించడం లేదు. ఆ పావుగంట మాత్రం అది తప్పనిపించదు.

మేడపిన్ని వచ్చి ఆరోది విప్పమంది. గోధుమ చేను, దాని మీద ఓడ నీడ, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్న చిన్న మనిషి. “ఇదిగో మా మహానుభావుడు” అంది. “మీ నాన్న నాలుగు రోజులు ఎండలో నిలబెట్టి గీశాడు. పుట్టి బుద్ధెరిగాక ఈయన చేసిన పని అదొక్కటే, నిలబడ్డం. అదీ నా దగ్గర కాదు.”

రాళ్ళబాబాయి నీకు గుర్తుండడు. అప్పుడు నీకు ఏడాది, నాకు ఏడేళ్ళు. ప్రెస్సులో అచ్చురాళ్ళు నూరేవాడు. ఇసుకా నీళ్ళూ వేసి పాత బొమ్మ చెరిపి, నాన్న కొత్తది గీయడానికి రాయిని అద్దంలా చేసి ఇచ్చేవాడు. కొత్త రాళ్ళు తెస్తానని గనికి బయల్దేరి మళ్ళీ రాలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఊరంతా అంది. పిన్ని యాభై ఏళ్ళుగా రోజుకోసారి అంటోంది.

నూనె అందింది. వాసన బాగాలేదని చెప్పమంది. రాసుకుంటోంది.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా, ముందు కత్తి కింద పెట్టు. నమస్కారాలు తర్వాత.

అంచులు ముట్టుకోకు. తప్పు నాదే, మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. నువ్వు కోస్తావని తట్టనే లేదు. తట్టాలి. మన ఇంట్లో రొట్టె అంచు కూడా నువ్వు కోసే ఇచ్చేదానివి.

సంగతి ఏమిటంటే, పోస్టర్లు మా నాన్నవని మ్యూజియం మేడమ్‌తో చెప్పాను. పేరు అడిగింది. చెప్పాను. బీరువాలోంచి ఒక ఫైలు తీసి, వేలు పెట్టి చూసి, నావంక జాలిగా చూసింది. “మీ నాన్నగారు యాభై ఏళ్ళ కిందటే పోయారండీ” అంది. కాలిపోయిన ఓడలో ప్రయాణికుల జాబితా అది. ఎనిమిదో గది ఎదురుగా నాన్న పేరు, పక్కన ‘చిత్రకారుడు’ అని. “మరి జనవరిలో మేం మోసింది ఎవర్నమ్మా?” అన్నాను. ఆవిడకి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఇందులో వింత ఏమీ లేదని నీకు తెలుసు. ఆరో పోస్టర్ మెచ్చుకుని కంపెనీవాళ్ళు గీసినవాడి పేరు మీద ఒక టికెట్ ఇచ్చారు. బయల్దేరే రోజు జ్వరం తగిలి నాన్న ఆగిపోయాడు. సీటు ఖాళీగా పోయింది. దిగే మైదానం కనపడుతూండగా ఓడ అంటుకుని ఒక్కరూ మిగల్లేదు. పేపర్లో ఆయన పేరు పడ్డ రోజున అమ్మ నాన్నని గిల్లి చూసుకుందని పిన్ని ఎన్నిసార్లు చెప్పలేదు మనకు?

అయితే మేడమ్‌కి రుజువు కావాలిట. ఓడ కాలిన తర్వాతి తేదీతో ఆయన చేతిరాత ఆ కాగితాల మీద ఎక్కడన్నా ఉంటే చాలంది. అంచుల మీద పెన్సిలుతో ఏదో ఒకటి గిలుకుతూనే ఉండేవాడు కదా, రాయి మీద రాసే అలవాటులో తిరగేసి. అద్దం పెడితే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. నువ్వు మామూలుగా చదివేసేదానివి. ఆ గిలుకుళ్ళే ఇప్పుడు కావాలి.

మిగిలినవి మిగిలినట్టే పంపు.

తమ్ముడు


ఫిబ్రవరి 27

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇరవై నాలుగున అందింది. పోస్టర్లు ఆరూ కోయడం అయింది. అట్టగొట్టంలో చుట్టి నిన్న రిజిస్టర్ పోస్టులో పంపాను. రసీదు దాచాను.

నీకు కష్టం కలిగించాను. క్షమించు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. పిన్నికి పన్ను కదులుతోంది. డాక్టరు దగ్గరికి రానంటోంది. “ఉన్న పళ్ళు ఆయన్ని తిట్టడానికి సరిపోతాయి” అంటోంది.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

అక్క


మార్చి 7

అక్కకు.

గొట్టం అందింది. మేడమ్ ముందు విప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, “ఎవరు కోశారో గానీ వెంట్రుకవాసి తేడా లేదు” అంది. మా అక్క అన్నాను. “గొప్ప పనితనం” అంది. తర్వాత టీ తాగింది. నా ప్రాణం ఎలా ఉందో ఊహించుకో.

కోపం వచ్చింది. రెండు రోజులు రాయకుండా ఆగాను. ఇప్పుడు లేదు. నువ్వు అలవాటు మనిషివి. అలవాటు మీద కోపగించుకుంటే గడియారం మీద కోపగించుకున్నట్టే.

కోసిన అంచులు ఉన్నాయా? ఉంటే ఏ స్థితిలో ఉన్నా పంపు. లేకపోతే ఇంకో దారి ఉంది. దీంతో ఒక కాగితం పెట్టాను. ‘మా నాన్నగారు ఆ ఓడ ఎక్కలేదు, ఆయన సీటు ఖాళీగా పోయింది’ అని నువ్వూ నేనూ సంతకాలు పెడితే చాలట. పెద్దదానివి, అప్పటికి జ్ఞానం తెలిసినదానివి, నీ సంతకమే ముఖ్యం.

పిన్నికి వేరే రాశాను. ఏప్రిల్ 22కి రైలు టికెట్ కూడా పెట్టాను. ప్రదర్శన మొదలయ్యే రోజు నా పక్కన ఉండాలి. అమ్మ పోయాక నా ముక్కు తుడిచింది ఆవిడే. నాన్న పేరు ఆవిడా చూడాలి. నువ్వూ రావాలి గానీ నీకు షాపులో సెలవివ్వరు, ఇచ్చినా తీసుకోవు.

తమ్ముడు


మార్చి 14

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

అయిదింటి అంచులు పొయ్యిలో పోయాయి.

కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. నాకు ఏడేళ్ళు అప్పుడు. ఓడ దగ్గర నేను లేను. చూడనిదానికి సంతకం పెట్టి దేవుడి ముందు కూర్చోలేను.

పిన్నిని ఇప్పుడు పిలవకు. అంత దూరం ఆవిడ మోకాళ్ళకు మంచిది కాదు. కాదని నువ్వే రాయి. నేను చెప్తే వినదు. చెప్పులు కొనుక్కుంది. ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకుంటోంది. నా నెత్తిమీద రోజంతా టకటక. “వాడు పిలిచాడే. నువ్వు ఎప్పుడైనా వీధి చివరిదాకా తీసుకెళ్ళావా?” అంటోంది.

ప్రదర్శనలో ఆ జాబితా కూడా పెడతారా? తెలియజేయి.

అక్క


మార్చి 20

అక్కకు.

పెడతారు. తలుపంత చేసి పెడతారు. ఫ్రేము నిన్ననే కట్టాను. ఎనిమిదో గది ఎదురుగా నాన్న పేరు, పోయినవాళ్ళ వరసలో. నా చేత్తో మేకు కొట్టాను. బొమ్మల కింద మాత్రం ‘తెలియదు’ అనే ఉంటుంది, ఎందుకంటే జాబితాలో పేరున్న మనిషి ఓడ ఎక్కలేదని, ఈ బొమ్మలు గీసింది ఆయనేనని మేడమ్‌కి నేను చెప్పిన మాట తప్ప ఆధారం లేదు. అంటే నాన్న ఎక్కడ లేడో అక్కడ ఆయన పేరు ఉంటుంది. ఎక్కడ ఉన్నాడో అక్కడ ఉండదు.

నువ్వు చూడనిదానికి సంతకం పెట్టలేవు. సరే. జ్వరంతో మంచం మీద ఉన్న నాన్నకి నువ్వు తడిగుడ్డ వేశావని నువ్వే ఒకసారి నాతో అన్నావు. అదీ చూడలేదా?

ఒక్క మాట అడుగుతాను, మనసులో పెట్టుకోకు. నాన్న నీ దగ్గరే ఉన్నాడు ఇన్నాళ్ళూ. ఆయన పని నీకు నేర్పాడు, నాకు కోసిన అంచులతో గాలిపటాలు చేసిపెట్టాడు, అంతే. ఇప్పుడు ఆయన నలుగురివాడు అయితే నీకు తక్కువవుతాడనా? ఆయన్ని ఇంట్లోనే దుప్పటిలో చుట్టి పెట్టుకోవాలనా?

పిన్నిని రావద్దని నేను రాయను. ఆవిడ ఉత్తరం వచ్చింది, ఎవరిచేతో రాయించింది. మొత్తం రెండు వాక్యాలు. ‘వస్తున్నా. స్టేషన్లో ఆలస్యం చేశావంటే చూడు.’

తమ్ముడు


మార్చి 26

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు అడిగింది మనసులో పెట్టుకోలేదు. సమాధానం రాస్తున్నాను. తీరిక చూసుకుని, కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందేనాటికి అయిదే కోశాను. ఆరోది బల్ల మీద ఉంది. కోయవద్దన్నావు కనుక కోయకుండానే చుట్టబోయాను. చుట్టేముందు అంచు తుడిచాను. కింది అంచులో పెన్సిలు రాత ఉంది. తిరగేసి. పైన తేదీ, ఓడ కాలిన మర్నాటిది.

‘నా టికెట్ మీద వెళ్ళింది నేను కాదు. మా రాళ్ళవాడు. ఎనిమిదో గది. గాలిలో ఎగరాలని వాడికి ఎంత ఆశో నాకు తెలుసు. నాకు భయం. గనికి వెళ్తున్నానని పెళ్ళాంతో చెప్పి వెళ్ళాడు, వచ్చాక చెప్పి నవ్వుదామని. ఆవిడకి రేపు చెప్తాను.’

దాని కింద ‘రేపు’ అని ఉంది. దాని కింద మళ్ళీ ‘రేపు’. ఒక్కో చోట ఒక్కో పెన్సిలు. ఒకటి నీలం సిరా. చివరిది వణుకుతున్న చేత్తో రాసింది, అది ఈ మధ్యది. పదకొండు ఉన్నాయి.

తడిగుడ్డ వేసిన మాట నిజం. ఆయన మూడు రోజులు గది దాటి రాలేదు. జ్వరం అన్నారు. ఒళ్ళు చల్లగానే ఉందని నాకు అప్పుడే తెలుసు. పిల్లని, అడగలేదు.

పిన్ని ఆ నెలలోనే నాన్న చేత గనికి ఉత్తరం రాయించింది. అలాంటి మనిషి ఇక్కడికి రాలేదని జవాబొచ్చింది. “రాలేదంటే దాచారన్నమాట” అంది. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. మేడ మీది గది ఆవిడకి ఇచ్చాడు. ఆ తర్వాత ఓడ గీయలేదు, మనిషిని గీయలేదు. నిమ్మకాయలు గీశాడు.

ఆ అంచు నేను కావాలనే కోశాను. పోస్టర్‌తో పాటు అది నీ మేడమ్ చేతికి, అక్కడి నుంచి గోడకు పోకూడదని. పొయ్యిలో వేయలేదు. వేద్దామని రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళాను.

నీ కాగితంలో సీటు ఖాళీగా పోయిందని ఉంది. అందుకు సంతకం పెట్టలేదు.

చదివి నెలయింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. షాపులో రోజుకు మూడువేల లేబుళ్ళు కోస్తున్నాను, ఒకటీ పాడవడం లేదు. మెట్ల మీద పిన్ని ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నాను. ఆవిడ ఆ జాబితా ముందు నిలబడి, నాన్న పేరు చూసి, ‘మీ నాన్న బతికిపోయాడు’ అని నవ్వే రోజు రాకూడదు. నేను చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు కనుక ముందు నీకు చెప్పాను.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

నాలుగుసార్లు చదివాను. అద్దంలో చదివితే ఇంకోలా ఉంటుందేమో అన్నంత పిచ్చి ఆశ కలిగింది. నీకు రాసిన మాటలకి నా చెంపలు నేనే వాయించుకోవాలి.

చెప్పకు.

నా మాట విను. ఆవిడకి ఎనభై. ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ బతికింది. తిట్టు ఆవిడకి చేతికర్ర. ఇప్పుడు ఆ కర్ర లాగేసి, ‘ఆయన నిన్ను వదల్లేదు పిన్నీ, ఆకాశంలో కాలిపోయాడు, మా నాన్నకి మొదటి రోజే తెలుసు’ అంటావా? పడిపోతుంది. పడకపోతే మనల్ని వదిలేస్తుంది. నాకు తల్లి ఆవిడే అక్కా. రెండో తల్లిని కూడా పోగొట్టుకోలేను.

ఆ అంచు పొయ్యిలో వెయ్యి. నాన్న పేరు నాకు అక్కర్లేదు. ‘తెలియదు’ అనే ఉండనీ. జాబితాలో ఆయన పోయినట్టే ఉండనీ. టికెట్ వెనక్కి తీసుకుంటాను, ప్రదర్శన వాయిదా పడిందని రాస్తాను.

ఈ ఒక్కటీ నాకోసం చెయ్యి. నీ దేవుడికి నేను సమాధానం చెప్పుకుంటాను.

తమ్ముడు


ఏప్రిల్ 8

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆరో తేదీ ఉదయం అందింది. నువ్వన్నట్టే చేద్దామనుకున్నాను. ఇవాళ కాదు, రేపు ఆలోచిద్దాం అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నాక కూర్చోలేకపోయాను. అంచు తీసుకుని మేడ మీదికి వెళ్ళాను.

పిన్ని కిటికీ దగ్గర కూర్చుని రవికకు గుండీ కుడుతోంది. ప్రయాణానికి. “ఏంటే, పనివేళ ఇలా ఊడిపడ్డావు? షాపు కాలిపోయిందా?” అంది.

కూర్చోకుండా చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని. నాన్న రాసింది రాసినట్టు చదివాను. ఆవిడ సూది ఆపలేదు. దారం అయిపోయాక పంటితో తెంపింది.

“మళ్ళీ చదువు” అంది.

చదివాను.

“ఆ రేపులు కూడా. అన్నీ.”

పదకొండూ చదివాను. ఆవిడ వేళ్ళు మడుస్తూ విన్నది.

“పదకొండేనా?” అంది. “నేను రోజూ ఆయన కళ్ళముందే తిరిగాను.”

సూదిని దారపుకండెకు గుచ్చి అడిగింది, “ఎనిమిదో గదికి కిటికీ ఉందా?”

“తెలీదు పిన్నీ.”

“తెలుసుకోమను వాణ్ణి. అక్కడే కదా పనిచేస్తుంటాడు.”

తర్వాత గుండీ లాగి చూసుకుంది. “గని ఆవిడని ఎన్నెన్ని మాటలన్నాను” అంది. “అలాంటిదొకతె ఉందో లేదో కూడా తెలీదు. దానికి ముక్కూ మొహం నేనే పెట్టాను. ఎర్రగా ఉంటుందని కూడా అనుకున్నాను.” నవ్వినట్టే అనిపించింది. కళ్ళు మాత్రం కదల్లేదు.

నేను కిందికి వచ్చేస్తుంటే పిలిచింది. “ఒసే పెద్దదానా. మీ నాన్న పేరు బొమ్మల కింద వేయించు. గీసింది ఆయనే. ఆ లిస్టులోంచి తీయించు. అక్కడ కూర్చున్నది ఆయన కాదు. ఎవరి చోట వాళ్ళని పెట్టండి. నేను వెళ్తున్నాను, చూస్తాను.”

అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. పళ్ళెం గుమ్మం దగ్గర పెడితే తీసుకుంటుంది. తిట్టు కూడా వినపడటం లేదు. పడిపోలేదు. నీ భయంలో సగం నిజమైంది, సగం కాలేదు.

అంచు దీంతోపాటు పంపుతున్నాను. రెండు గట్టి అట్టల మధ్య పెట్టాను. మేడమ్‌కి అద్దం పెట్టి చూపించు. అప్పుడు నాన్న పేరూ పడుతుంది, నాన్న చేసిందీ తెలుస్తుంది. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఒకటి ఉంచి ఒకటి కోయడం నాకు చేతకాలేదు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు.

అక్క


ఏప్రిల్ 26

అక్కకు నమస్కారాలు.

తిట్టను. మొదటి రోజు తిట్టుకున్నాను, అది నీకు వినపడలేదు.

మేడమ్ అంచు చదివింది. అద్దం పక్కన పెట్టి, “ఇది గోడ మీద పెట్టమంటారా?” అని అడిగింది. పిన్ని ఎలా అంటే అలా చేద్దాం అన్నాను. జాబితా ఫ్రేము విప్పి మళ్ళీ కట్టాను.

పిన్నిని స్టేషన్లో దింపుకున్నాను. పది నిమిషాలు ముందే వెళ్ళాను. “లావయ్యావు” అంది.

హాల్లో జనం గాలిఓడల అందం చూసి మురిసిపోతున్నారు. ఒకావిడ భోజనాల గది పోస్టర్ ముందు నిలబడి, ‘ఎంత హాయి కాలం’ అంటోంది. పిన్ని కొత్త చెప్పులతో టకటకమంటూ అందర్నీ దాటుకుని నేరుగా జాబితా దగ్గరికి వెళ్ళింది. చదువు అంతంతమాత్రం కదా, వేలు పెట్టుకుంటూ దిగింది. ఎనిమిదో గది దగ్గర ఆగింది. అక్కడ ఇప్పుడు బాబాయి పేరు ఉంది. పక్కన ‘చిత్రకారుడు’ తీసేసి ‘అచ్చురాళ్ళు నూరేవాడు’ అని వేయించాను. కుర్చీ అడిగింది. తెచ్చి వేశాను. గంటన్నర కూర్చుంది. జనం ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళారు.

కిటికీ సంగతి అడిగింది. ఓడ నమూనా చూశాను, అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. “లేదు పిన్నీ, లోపలి గది” అన్నాను. “అనుకున్నాను” అంది. “నిమ్మకాయలు గీసుకునేవాడికి కిటికీ గది ఎవడిస్తాడు?”

అప్పటికి నాన్న నిమ్మకాయలు గీయడం మొదలుపెట్టలేదని నేను చెప్పలేదు.

పోస్టర్ల కింద నాన్న పేరు ఆరుసార్లు ఉంది. నేను కోరుకున్నది అదే. దాని ముందు నిలబడ్డాను. ఎవరిదో పేరు చదివినట్టుంది. అంచు గాజుపెట్టెలో ఉంది, అద్దంతో సహా. పెట్టమని పిన్నే చెప్పింది. “అందరూ చదవనీ” అంది. ఆవిడ మాత్రం దాని దగ్గరికి వెళ్ళలేదు.

నా దగ్గర ఉండిపొమ్మని అడిగాను. “మీ ఇంట్లో మెట్లు లేవు, నాకు నిద్రపట్టదు” అంది. రేపు రైలెక్కిస్తున్నాను.

తమ్ముడు


మే 2

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పిన్ని ఇరవై ఎనిమిదిన క్షేమంగా చేరింది. నాతో మాట్లాడకుండానే మేడెక్కింది. మూడు రోజులు అలాగే ఉంది.

ఇవాళ పొద్దున నేను ప్రార్థనకు కూర్చుంటే మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. దేవుడితో తనకి మాటల్లేవనేది.

“పేర్లు చదువుతావు కదా నువ్వు” అంది. “ఉన్నవాళ్ళవి కాసిని, పోయినవాళ్ళవి కాసిని.”

అవునన్నాను.

“ఇన్నేళ్ళూ ఆయన్ని ఎందులో చదివావు?”

అబద్ధం చెప్పలేదు. “ఎందులోనూ చదవలేదు పిన్నీ” అన్నాను.

తల ఊపింది. “మీ నాన్నని?” అంది.

“పోయినప్పటి నుంచి చదివాను. ఆ అంచు చూశాక ఆపేశాను. నోరు రావడం లేదు.”

“సరే, కానీ. ముందు ఎవర్ని?”

“ముందు పోయినవాళ్ళని ముందు.”

బాబాయి పేరు చదివాను. పిన్ని కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత నాన్న పేరు. పెదవి కదిలింది, మాట బయటికి రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. రాలేదు. ఆవిడ ఎదురుచూసింది. వీధిలో పాలబండి వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చేదాకా చూసింది.

చివరికి నాన్న పేరు ఆవిడే చదివింది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

తర్వాత నా భుజం పట్టుకుని లేచి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను షాపుకు వెళ్ళాను.

అక్క